కాళ్ల కారు

మా కారును సోమందేపల్లె క్రాసులో అందరూ కాళ్ల కారు అనేవాళ్లు. మొదట్లో నవ్వుతూ అన్నారు. తర్వాత నవ్వడం మానేశారు కానీ ఆ పేరు మాత్రం వదల్లేదు. ఆ కాళ్లు వేసింది నేనే, తుడిచిందీ నేనే. వేయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, తుడవడానికి మూడు రోజులు. ఎవరైనా అడిగితే పాత బండి కదా, రంగు మార్పించాం అని చెప్పి ఊరుకునేదాన్ని. చెప్పొద్దన్న అవ్వ ఇప్పుడు లేదు, కారూ లేదు. అందుకని రాస్తున్నాను.

మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పటి నుంచి మావా అని పిలిచిన మనిషినే చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక కొత్త పిలుపేమీ నేర్చుకోవాల్సిన పని లేకపోయింది. అత్తగారంటే వేరే మనిషి కాదు, మా అమ్మను కన్న అవ్వే. మనవరాలిగా ఉన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి, కోడలినయ్యాక నా వంటలో ఉప్పు వెతకడం మొదలుపెట్టింది. మాకున్న నాలుగెకరాల చేను వేరుశనగ విత్తనం తినడమే కానీ తిరిగి ఇవ్వడం మరిచిపోయి అప్పటికి మూడేళ్లు. ఇక వానను నమ్ముకుని లాభం లేదని మావ హిందూపురం నుంచి ఒక పాత అంబాసిడర్ తెచ్చాడు, బాడుగకు తిప్పుదామని. రెండువేల సంవత్సరం వస్తే ఏమేమో జరుగుతుందని జనం చెప్పుకుంటున్న రోజులవి. కారుది లేత నీలం రంగు. ఒకప్పుడు అది ముదురు నీలమని, ఎండకు వెలిసి అలా అయిందని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఆ ఏడు కృష్ణాష్టమికి నాకు ఐదో నెల. ఆ రోజు మా ఇళ్లలో గడప నుంచి దేవుడి గూటి దాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తాం. బియ్యప్పిండి నీళ్లలో కలిపి, పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచును అందులో ముంచి నేల మీద అద్దితే పాదం పడుతుంది. పైన వేలికొనతో ఐదు చుక్కలు పెడితే కాలివేళ్లు. ఇంట్లో వేయడం అయిపోయినా నా చేతులు ఊరుకోలేదు. కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్ డబ్బా ఒకటి అటక మీద ఉంది. బాడుగ లేక కారు వాకిట్లోనే ఉంది. ఎడమ వైపు, ముందు చక్రం పైనుంచి మొదలుపెట్టి వెనక తలుపు దాకా పిడికిలితో కాళ్లు అద్దుకుంటూ పోయాను. ఎప్పుడు కారెక్కినా వెనక సీట్లో ఎడమ వైపే నేను కూర్చునేది. వాడు నడిచొచ్చి నా ఒళ్లో ఎక్కుతాడన్నమాట. మొత్తం తొమ్మిది కాళ్లు పడ్డాయి. పదో కాలికి తలుపు చాలలేదు. పిండి అయితే కడిగితే పోయేది. ఇది ఎనామిల్, నా చేతి అంచుకు పట్టిన తెలుపు కిరసనాయిలు పెట్టి రుద్దినా నాలుగు రోజులు వదల్లేదు.

మావ చూసి పగలబడి నవ్వాడు. ఇంకొకరైతే బండి పాడుచేశావని అరిచి ఉండేవాళ్లే. అవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమ్మే, బండి ముందుకు పోతాంటే కాళ్లు ఎనక్కి పోతాండాయి గదే. ఇంట్లో వేస్తే లోపలికొస్తాయి. ఈ కాళ్లు యాడికి పోతాండాయి?"

నాకు చిన్నప్పటి నుంచి కోపం ముక్కు మీదే ఉంటుంది. నా సీటు దగ్గరికే వస్తున్నాయని, నీకు చూపు ఆనడం లేదని అనేశాను. అవ్వ లోపలికి పోయింది. నేను మాత్రం ఆ సాయంత్రం కారుకు ఆ పక్కనా ఈ పక్కనా నిలబడి చూసుకున్నాను. ఆమె అన్నదీ నిజమే. కానీ అప్పటికి రంగు ఆరిపోయింది.

దసరా దాటి పెళ్లిళ్లు మొదలయ్యాక అందరూ కాళ్ల కారే కావాలన్నారు. పెళ్లికూతురు ఎక్కే బండి మీద కృష్ణుడి పాదాలుంటే ఎవరికి చేదు? మావ పొద్దున పోతే సాయంత్రానికి గానీ వచ్చేవాడు కాదు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో నవ్వు వినిపించింది. అవ్వ కూడా కారు గురించి మాట్లాడడం మానేసింది.

కార్తీకం చివర్లో, ఎనిమిదో నెలకే నాకు నొప్పులు వచ్చాయి. నా సీట్లోనే కూర్చుని పెనుకొండ ఆసుపత్రికి పోయాను. ఆడపిల్ల పుట్టింది, రెండు అరచేతుల్లో పట్టేంత. డాక్టరమ్మ మేనరికమా అని ఒక్క మాట అడిగి, అవునంటే కాగితంలో రాసుకుంది. ఆ మాటను మా వాళ్లెవరూ పట్టించుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం పాప పోయింది. అప్పుడు నేను నిద్రలో ఉన్నాను. లేచేసరికి నా పక్కన పాపకు చుట్టిన గుడ్డ మడతపెట్టి ఉంది.

పేరు కూడా పెట్టని బిడ్డకు మా వాళ్లలో కర్మలు చేయరు, రాయి పాతరు. మగవాళ్లు ఇద్దరు ముగ్గురు పోయి ఎక్కడో ఒకచోట మట్టి చేసి వస్తారు. ఎక్కడన్నది తల్లికి చెప్పరు. తెలిస్తే తల్లి అక్కడికి పోయి ఏడుస్తుందట, ఆ ఏడుపుకు పోయిన బిడ్డ కదలదట, రావలసిన బిడ్డ రాదట. అవ్వ నాకు ఇదంతా మెల్లగా, తల నిమురుతూనే చెప్పింది. పాలు ఇంకిపోవడానికి నా రొమ్ములకు మల్లెపూలు కట్టారు. ఆ తర్వాత నేను మళ్లీ మల్లెపూలు తల్లో పెట్టలేదు. పాపకు ఫోటో లేదు, పేరు లేదు, ఎక్కడ ఉందో తెలియదు. ఆ బిడ్డ వస్తుందని నేను ఎదురుచూసినట్టు మిగిలిన గుర్తు కారు మీది ఆ తొమ్మిది కాళ్లే.

ఒకటి రెండుసార్లు మావను అడిగాను. అడగకూడదన్నాడు. మూడోసారి అడిగితే బయటికి లేచిపోయాడు. అప్పటి నుంచి అడగడం మానేసి, రోజూ పొద్దున కారు తుడిచే పని నేను పెట్టుకున్నాను. ఆ కాళ్లలో నా చేతి గీతలు అలాగే కనిపించేవి. పిడికిలి బిగించి వాటి మీద పెడితే సరిగ్గా సరిపోయేది. అది బిడ్డ కాలు కాదని, నా చెయ్యేనని నాకు తెలుసు. నేను పిచ్చిదాన్నేమీ కాదు. అయినా రోజూ ఒక్కసారైనా పెట్టేదాన్ని.

అవ్వ ఆ మాట ఎవరితో అన్నదో ఏమో, కాళ్లు వెనక్కి నడిచాయి కాబట్టే బిడ్డ వెనక్కి పోయిందని చుట్టుపక్కల పల్లెలన్నీ అనడం మొదలుపెట్టాయి. మొదట పెళ్లిళ్ల వాళ్లు రావడం మానేశారు. ఆ తర్వాత సీమంతాల వాళ్లు, కాన్పుల వాళ్లు. చావులకూ కోర్టు పనులకూ మాత్రం పిలిచేవాళ్లు. మావ ఎవరినీ ఏమీ అనలేదు, నన్ను కూడా. నేను మాత్రం అవ్వతో నెల రోజులు మాట్లాడలేదు. నా బిడ్డ చచ్చిపోయింది చాలక తప్పు కూడా నాదేనని ఊరంతా చాటినందుకు ఆమె మీద నాకు పుట్టెడు కోపం. అంతకంటే ఎక్కువ కోపం నా మీద నాకే. కాళ్లు ఇటు నుంచి అటు కాకుండా అటు నుంచి ఇటు వేసి ఉంటే ఏమయ్యేదని ఎన్నిసార్లు అనుకున్నానో. డాక్టరమ్మ అడిగిన మాట తెలిసి కూడా అనుకున్నాను.

ఇలా రెండేళ్లు దాటింది. ఆ రోజుల్లోనే హైవేను వెడల్పు చేసే పని మొదలైంది. పెనుకొండ దాకా రోడ్డుకు రెండు వైపులా ఉన్న చింతచెట్లన్నీ కొట్టేశారు. మా చిన్నప్పుడు ఆ నీడన నడిచిపోయేవాళ్లం, అవి లేకపోయేసరికి అది మా దారే కాదనిపించింది. చెట్లు కొట్టిన వారం మావ అన్నం సరిగ్గా తినలేదు. బాడుగలు లేని దిగులు అనుకున్నాను.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఇద్దరం పెనుకొండ నుంచి తిరిగి వస్తున్నాం. పాప పోయాక నేను వెనక కూర్చోవడం మానేశాను, ముందు సీట్లో ఉన్నాను. దారిలో ఒక పల్లె దగ్గర నలుగురు చేతులెత్తి కారు ఆపారు. నిండు గర్భిణి, నొప్పులు మొదలయ్యాయి. తల్లి ఆమెను పట్టుకుని నడిపిస్తోంది. ఆ పిల్ల వచ్చి వెనక తలుపు మీద చెయ్యి ఆనించింది. ఆ చేతి కింద ఉన్నదేమిటో తల్లి చూసింది.

ఇది కాళ్ల కారేనా అని అడిగింది. మావ అవునన్నాడు.

"ఏమనుకోవద్దన్నా. మా బిడ్డను దీంట్లో ఎక్కియ్యలేము."

మావ దిగి బతిమాలాడు. బాడుగ వద్దన్నాడు, జీపు ఎప్పుడొస్తుందో ఏమో అన్నాడు. తల్లి వినలేదు. ఆ పిల్ల మాత్రం నా వైపే చూస్తోంది. చెప్పులు లేవు, కాలుతున్న నేల మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతోంది. మేము కారును కొంచెం ముందుకు తీసుకుపోయి ఆపి, మనసు మార్చుకుంటారేమోనని కూర్చున్నాం. ముప్పావు గంటకు జీపు వచ్చింది. ఆ పిల్లకు సుఖంగానే కాన్పు అయిందని తర్వాత విన్నాను. కానీ ఆ ముప్పావు గంట ఆమె నిలబడ్డది నేను వేసిన కాళ్ల వల్లే. అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఇంటికొచ్చాక మావ స్టీరింగు పట్టుకుని దిగకుండా కూర్చున్నాడు. నేను కూడా దిగలేదు.

"తుడిచేద్దాం మే," అన్నాడు.

"తుడుస్తా. నేనే తుడుస్తా. కానీ పాపను యాడ పెట్టినావో చూపియ్యల్ల."

మావ అద్దంలోంచి బయటికి చూశాడు. ఏదో చెప్పబోయి మింగాడు. చివరికి తుడిచాక పోదాం అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఆ సంతోషంలో అతని ముఖం సరిగ్గా చూడలేదు.

క్రాసులో షెడ్డు పెట్టుకున్న పెయింటరు ఒకాయన తాను చేసి పెడతానన్నాడు. వద్దన్నాను. నా బిడ్డ కాళ్లు ఇంకొకరు గీకడమేమిటి? సరే అని ఆయన పని చెప్పిచ్చాడు. ఎండలో చేయకూడదు, థిన్నర్ ఊరికే ఆరిపోతుంది. గుడ్డ తడిపి కాలి మీద అదిమి ఇరవై లెక్కపెట్టాలి. అప్పుడు పై రంగు పాల మీగడలా ముడతలు పడుతుంది. దాన్ని కొబ్బరిచిప్ప ముక్కతో నెమ్మదిగా లాగాలి, బ్లేడు మాత్రం పెట్టకూడదు. నేను వింటే కదా. మొదటి కాలికి బ్లేడే పెట్టాను. అది లోపలి రేకు దాకా దిగి గీత పడింది. ఆ తర్వాత బుద్ధిగా కొబ్బరిచిప్ప తెచ్చుకున్నాను.

ముందు చక్రం దగ్గరి కాలితో మొదలుపెట్టాను, నా సీటు దగ్గరిది అన్నిటికంటే చివర పోవాలని. గుడ్డ అదిమి ఇరవై లెక్కపెడుతుంటే పదిహేను దగ్గరే లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ముడతలు పడ్డ తెలుపు చిప్పకు అంటుకుని వచ్చేది, అందులో నా చేతి గీతలు చెదిరిపోతూ కనిపించేవి. థిన్నర్ వాసనకు కళ్లు మండుతున్నాయని మావతో అన్నాను. అది సగం నిజం. తొమ్మిదో కాలి దగ్గర చాలాసేపు ఊరికే కూర్చున్నాను. పాపకు నేను తలంటు పోయలేదు, కాటుక పెట్టలేదు, ఉయ్యాల ఊపలేదు. దానికోసం నేను చేస్తున్న పని ఇదొక్కటి. అనుకోగానే ఏడుపు ఆగలేదు. అలా ఏడుస్తూనే తుడిచాను.

మర్నాడు పొద్దున బయటికొచ్చి చూస్తే కాళ్లు మళ్లీ ఉన్నాయి. ఈసారి నీలం రంగులో. రెండు మూడేళ్ల ఎండకు కారంతా వెలిసింది కానీ తెల్ల రంగు కింద ఉన్నంత మేర వెలవలేదు. కారు అసలు రంగు ఎంత ముదురుదో ఆ రోజే చూశాను. తొమ్మిది ముదురు నీలం కాళ్లు, వేళ్లతో సహా. నాకు నవ్వు వచ్చింది. ఇది నా కూతురే, మొండిది, చెప్తే వినదు అనుకున్నాను. ఆ నవ్వు మధ్యలోనే వంకరపోయింది. ఇంకోసారి తుడవాలంటే నాతో కాదనిపించింది.

పెయింటరు వచ్చి చూసి, తలుపులంతా వాటర్ పేపర్, అదే గరుకు కాగితం, వేసి రుద్దాలి, లేకపోతే కొత్త రంగు వేసినా గుర్తు తేలుతుందన్నాడు. వాటర్ పేపర్‌కు నీళ్లు కావాలి. నీళ్లు పోస్తూ రుద్దితేనే పని అవుతుంది. మాకు ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది, ఇంటికి పది బిందెలు. బియ్యం కడిగిన నీళ్లు, గుడ్డలు ఉతికిన నీళ్లు బకెట్లో పట్టుకుని రుద్దాను. మధ్యాహ్నానికి అవీ అయిపోయాయి. నాలుగు కాళ్లు ఇంకా ఉన్నాయి. పొడి కాగితంతోనే రుద్దుతుంటే వేళ్లు కొట్టుకుపోయి రక్తం వచ్చింది.

అవ్వ అరుగు మీద నుంచి అంతసేపూ చూస్తూనే ఉంది. లేచి లోపలికి పోయి, రెండు చేతులతో ఒక బిందె పట్టుకుని వచ్చి నా పక్కన దించింది.

"నేను పోసుకునే నీళ్లు ఇవి. నాకొద్దులే, నువ్వు రుద్దుకో."

అని తానూ ఒక కాగితం ముక్క తీసుకుని కూర్చుంది.  ఆమె రుద్దిన చోట గీతలు వంకరగా పడుతున్నాయి. నా కోపం పోయిందని చెప్పను. కానీ ఆ రోజు ఆమె చేతిని నేను తోసేయలేదు. మూడో రోజు సాయంత్రానికి ఆ పక్కంతా ఒకే బూడిద రంగు అయింది. పిడికిలి పెట్టి చూసుకుందామన్నా ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మర్నాడు పొద్దునే ఇద్దరం బయల్దేరాం. అవ్వకు బ్యాంకు పని అని చెప్పాం. నేను ఒక కొత్త గుడ్డముక్క, కొంచెం చక్కెర కొంగులో కట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు, ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేకపోయింది. పెనుకొండ దారిలో వాగు మీద ఉన్న చిన్న వంతెన, మా మోరీ, దాటాక మావ కారు పక్కకు ఆపాడు. అక్కడ పెనుకొండ వైపు పోయే బండ్లకు వేరేగా కొత్త రోడ్డు వేశారు, ఇంకా బండ్లు వదల్లేదు, అడ్డంగా రాళ్లు పెట్టారు. మావ ఆ రాళ్లు దాటి తారు మీద నడుచుకుంటూ పోయాడు. నేను వెనకే పోయాను. కొంత దూరం పోయి, మోరీ వైపు తిరిగి చూసి అడుగులు లెక్కపెట్టుకుని నిలబడ్డాడు.

"ఈడే."

చుట్టూ చూశాను. చెట్టు లేదు, గట్టు లేదు.

"ఈడంటే యాడ మావా?"

"మనం నిలబడిండేది."

మోరీ నుంచి మూడో చింతచెట్టు కింద పెట్టారట. ఆ చెట్టు కొట్టిన రోజు తాను ఇక్కడే ఉన్నానని చెప్పాడు. మిషన్ డ్రైవరు ఏం కావాలని అడిగాడట. రాయి లేదు, గుర్తు లేదు, ఏం చూపించి ఆపమని చెప్పాలి? ఊరికే చూస్తున్నానన్నాడట.

ముందే చెప్పి ఉంటే నేను తుడిచేదాన్నా అని అడిగాను.

"అందుకే చెప్పలా," అన్నాడు.

అతన్ని కొట్టాను. రోడ్డు మీద, చేతికందిన చోటల్లా కొట్టాను. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తర్వాత ఇద్దరం ఆ తారు మీదే కూర్చున్నాం. తొమ్మిది గంటలకే తారు కాలుతోంది. కొంగు విప్పి చక్కెర అక్కడ పోశాను. గుడ్డముక్క పరిస్తే గాలికి ఎగిరిపోతోందని మావ దాని మీద ఒక కంకరరాయి పెట్టాడు. చేతిలో ఉన్న ఒక్క గుర్తునూ ఈ చోటు కోసం చెరుపుకుని వచ్చాను, ఇక్కడ చోటే లేదు. అతన్ని క్షమించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మా పొయ్యి వెలగడానికే అలా చేశాడని తెలిసి కూడా అన్నేళ్లు పట్టింది.

ఆ మర్నాడు కారుకు తెల్ల రంగు కొట్టించాం. బాడుగలు మళ్లీ మొదలయ్యాయి, కాన్పులకు కూడా పిలిచారు. రెండేళ్లకు మాకు కొడుకు పుట్టాడు, నిలిచాడు. చూసినావా, తుడిస్తేనే వచ్చినాడు అని అవ్వ పోయేదాకా అంటూనే ఉంది.  ఆమె నీళ్ల బిందె గుర్తొచ్చి నోరు మూసుకునేదాన్ని.

తర్వాత నాకు అంగన్‌వాడీలో పని దొరికింది. నెలకోసారి మీటింగుకు బస్సులో పెనుకొండ పోతాను. పోయేటప్పుడు మోరీ రాగానే రెండు కాళ్లూ పైకెత్తి ముందు సీటు కింది కడ్డీ మీద పెట్టుకుంటాను. బిడ్డను తొక్కుకుంటూ పోవడం నాకు చేతకాదు. వచ్చేటప్పుడు ఆ బాధ లేదు, అది అవతలి రోడ్డు. పక్కన కూర్చున్నవాళ్లు మోకాళ్ల నొప్పులా అక్కా అని అడుగుతారు. అవునంటాను. కొంచెం దూరం పోయాక కాళ్లు దించుతాను.